మొదటి పీసుకు వేసిన దండ

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో, రెండో అంతస్తులో మా షాపు. కింద జిరాక్సు, దాని పక్కన టిఫిన్ సెంటర్, పైన మేము. ఏం చేస్తారండీ అని ఎవరైనా అడిగితే "వస్తువులు ప్రింట్ చేస్తాం" అంటాను. పెళ్ళి కార్డులా అంటారు. మొదట్లో ఓపిగ్గా వివరించేవాణ్ణి. ఇప్పుడు అవునండీ, పెళ్ళి కార్డులే అని ఊరుకుంటున్నాను.

నిజానికి అర్థం కానిదేమీ లేదు. కంప్యూటర్‌లో ఒక ఆకారం గీస్తాం. మిషన్ దాన్ని కాగితం మందం కూడా లేని పొరలుగా విడదీసుకుని, ఒక పొర మీద ఇంకో పొర పేర్చుకుంటూ పోతుంది. చివరికి వస్తువు చేతికొస్తుంది. చెక్కడం లేదు, పోత పోయడం లేదు. దీనిలోకి దిగకముందు నేను బాలానగర్ ఫ్యాక్టరీలకు పోత పోసుకునే చెక్క నమూనాలు చేయించి ఇచ్చేవాణ్ణి. అప్పట్లో ఏ పార్టుకైనా ముందు అచ్చు తయారు కావాలి. దానికి నెలలు పట్టేది, అందుకని వెయ్యి చేస్తే తప్ప గిట్టేది కాదు. ఇప్పుడు ఒక్కటి చేసినా గిట్టుతుంది. ఈ ఒక్క మార్పుతో ఎన్నో ఫ్యాక్టరీల లెక్కలు తారుమారైపోయాయి. స్పేర్ పార్టుల గోడౌన్లు ఖాళీ చేసేసి, పార్టులన్నిటినీ ఫైళ్ళుగా దాచుకుంటున్నారు. కావలసినరోజు కావలసిన ఒక్కటి తీయించుకుంటారు. మాత్రలు చేసే మిషన్‌లో పళ్ళచక్రం విరిగిందనుకోండి, ఆ మిషన్ చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడి ఉంటుంది. విరిగిన ముక్కలు సంచీలో వేసుకుని మా మెట్లెక్కుతారు. కొలతలు తీసి, ఫైలు చేసి, కొత్తది చేతిలో పెడతాం. చచ్చిపోయిన కంపెనీ చక్రం మళ్ళీ తిరుగుతుంది.

నాకు ఇందులో మొదటినుంచీ ఏదో తేడాగానే అనిపించేది. విరిగిపోయిన వస్తువు పోయిందనుకోవడం మనకు అలవాటు. మా దగ్గర ఏదీ పోదు. డబ్బు వచ్చే చోట ఇలాంటి ఆలోచనలు ఎవరితో పంచుకుంటాం? గుండె కాస్త గుబులుగా ఉన్నా పని చేసుకుంటూ పోయాను.

ఆ గుబులు పెద్దదైంది పంజాగుట్ట వైపు ఆసుపత్రుల నుంచి పని రావడం మొదలయ్యాక. స్కాన్ ఇస్తే చాలు. మనిషి ఎముక ఒంట్లో ఉండగానే దానికి జంట మా టేబుల్ మీద తయారవుతుంది. దవడలు, తుంటి ఎముకలు, వెన్నుపూసలు. డాక్టర్లు వాటిని ముందే చేతిలో పట్టుకుని, ఎక్కడ కోయాలో, ఏ స్క్రూ ఎక్కడ బిగించాలో చూసుకుని లోపలికి వెళ్తారు. ఆపరేషన్ త్వరగా అయిపోతుందట, రక్తం తక్కువ పోతుందట. చూస్తుండగానే మా వ్యాపారంలో సగం ఎముకలే అయ్యాయి. ఆ మనుషుల్లో కొందరు తరవాత దక్కలేదని తెలిసేది. వాళ్ళ ఎముకలు మాత్రం మా కంప్యూటర్‌లో ఉన్నాయి. తీసేయొచ్చుగా అంటారు మీరు. తీసేసే మీట మీద వేలు పెట్టి చూడండి, తెలుస్తుంది.

మా మిషన్లు చూసుకునే మనిషి గురించి చెప్పాలి. వయసులో నాకన్నా పెద్ద, అందుకే అన్నా అంటాను. తను నన్ను సార్ అంటాడు. యూసుఫ్‌గూడలో గది, అంతకుముందు లేత్ మిషన్ మీద పని. ఫ్యాక్టరీ అలవాట్లు ఏవీ వదులుకోలేదు. వాటిలో ఒకటి మొదటి పీసు పద్ధతి. ఏ షెడ్డులోనైనా కొత్త మిషన్ దిగితే, దాని మీద వచ్చిన మొదటి పీసును అమ్మరు, వాడరు. పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, పూలు వేసి, ఆ రోజుకి దేవుడి పటం దగ్గర పెడతారు. బోల్టు అయితే బోల్టు, బేరింగు అయితే బేరింగు. ఆ తరవాతే మిషన్ సొంతమైనట్టు. నాకూ ఆ పద్ధతి ఇష్టమే. చెక్క నమూనాల రోజుల్లో నేనే ఎన్నిసార్లు కొబ్బరికాయ కొట్టానో.

ఆ సంవత్సరం బ్యాంకు వాళ్ళ కాళ్ళావేళ్ళా పడి కొత్త మిషన్ తెచ్చాం. తేనెలాంటి చిక్కటి ద్రవం ఉన్న తొట్టి, పైన ఒక పలక. పలక ద్రవంలో మునిగి, కింది నుంచి వెలుగు పడిన చోట గట్టిపడిన పొరను అంటించుకుని, వెంట్రుకవాసి పైకి లేస్తుంది. మళ్ళీ మునుగుతుంది. వస్తువు దానికి అంటుకుని కిందికి వేలాడుతూ, బావిలోంచి బిందె తీసినట్టు మెల్లగా బయటికొస్తుంది. దాని మీద పెట్టిన మొదటి పని ఒక పుర్రె. పొద్దున నేను పంజాగుట్టలో వేరే పని మీద బయల్దేరేసరికి నుదురు, కళ్ళ గుంటలు పైకి వచ్చి, పై పళ్ళ వరస తొట్టిలోంచి అప్పుడే బయటపడుతోంది. ఎడమవైపు కణత పైన అరచేయంత ఖాళీ. ఆ ఖాళీలోంచి అవతలి గోడ కనిపిస్తోంది. నేను అటు చూడకుండా చెప్పులేసుకున్నాను.

ఆ పుర్రె ఎవరిదో నాకు తెలుసు. మైత్రీవనంలో కంప్యూటర్ కోర్సులు చెప్పే అమ్మాయిది. బండి వెనక కూర్చుని వెళ్తూ పడింది. మెదడు వాచిందని పుర్రెలో ఒక ముక్క తీసి ప్రాణం కాపాడారు. ఆ ముక్క తిరిగి పెట్టే స్థితిలో లేదు. దాని చోట టైటానియం పలక పెట్టాలి. కుడివైపు బాగున్న ఎముకను కంప్యూటర్‌లో అద్దంలోలా తిప్పి, ఆ వంపుతో పలక గీసి, లోహం ప్రింట్ చేసేవాళ్ళ దగ్గర తీయించాం. మా పుర్రె మీద అది సరిగ్గా కూర్చుంటే ఆపరేషన్. అప్పటిదాకా ఆ పిల్ల ఇంట్లోంచి అడుగు బయట పెడితే హెల్మెట్ పెట్టుకోవాలి. పడినరోజు లేని హెల్మెట్ ఇప్పుడు నడిచేటప్పుడు కూడా. ఒకటి రెండుసార్లు మూర్ఛ వచ్చింది. ఇక ఆలస్యం చేయొద్దని డాక్టరు గట్టిగా చెప్పారు.

"నా తలకాయ నేను ఒకసారి చూసుకోవాలండీ" అని తనే ఫోన్ చేసింది. ఎస్.ఆర్. నగర్ నుంచి ఎంత దూరం, రమ్మన్నాను. నేను పని ముగించుకుని వచ్చేసరికి కింద టిఫిన్ సెంటర్ ముందు ఆటో దిగుతున్నారు, హెల్మెట్ పెట్టుకున్న అమ్మాయి, ఆమె మోచెయ్యి పట్టుకుని వాళ్ళమ్మ. దోసెల కోసం నిలబడ్డ పిల్లలంతా వింతగా చూస్తున్నారు. వాళ్ళమ్మగారిది గోదావరి వైపు. నన్ను చూసి, "చూడకపోతే ఏంటి నాయనా దీనికి? చెబితే వినదు" అన్నారు. వాళ్ళు ముందు, నేను వెనక మెట్లెక్కాం. సగం మెట్లు ఎక్కేసరికి అగరొత్తుల వాసన వచ్చింది. అప్పటికైనా నాకు వెలగాల్సింది.

తలుపు తీసి ఉంది. ఎదురుగా దేవుడి పటం, దాని కింద స్టీలు స్టూలు. స్టూలు మీద ఆ పుర్రె. నుదుటికి పసుపు, మధ్యలో రూపాయంత కుంకుమ బొట్టు, చుట్టూ బంతిపూల దండ, ముందు రెండు అగరొత్తులు. పక్కనే మా అన్న తెల్ల చొక్కా వేసుకుని, చేతిలో కొబ్బరికాయతో నవ్వుతూ నిలబడ్డాడు.

"రాండ్రి సార్. మస్తు టైంకొచ్చిండ్రు. కాయ మీరే కొట్టుండ్రి."

  ఆ అమ్మాయి రెండడుగులు ముందుకు వేసి వంగి చూసింది.

"ఇది నేనే" అంది. "పన్ను మీద పన్ను. చిన్నప్పటి నుంచీ ఇంతే."

వాళ్ళమ్మ కూతురిని వెనక్కి లాగి, ఆ స్టూలుకీ కూతురికీ మధ్య నిలబడింది. "ఆ దండ ఎవరు వేశారు?" అని అడిగింది. గొంతు పెంచలేదు.

"నేనే అమ్మా. కొత్త మిషన్ల ఫస్ట్ పీసు గదా, మంచిగ..." అంటూ అన్న మధ్యలో ఆగిపోయాడు. హెల్మెట్ చూశాడు, పుర్రె చూశాడు. కొబ్బరికాయ మెల్లగా వీపు వెనక దాచుకున్నాడు.

"నా కూతురు బతికే ఉంది" అంది ఆవిడ.

అమ్మాయి నవ్వబోయింది. "అమ్మా, ఊరుకో. నా ఫోటోకి ఎప్పటికైనా పడాల్సిందేగా" అంది. ఆ నవ్వు పూర్తి కాలేదు. చెయ్యి దానంతటదే హెల్మెట్ ఎడమవైపుకు వెళ్ళింది. వాళ్ళు మంచినీళ్ళు కూడా ముట్టకుండా దిగిపోయారు.

నాకు కోపం వస్తే నోరు ఆగదు. ఆ రోజు అన్నను అనరాని మాటలన్నీ అన్నాను. బతికున్న మనిషి తలకు దండ వేస్తావా, నీకు బుద్ధుందా అన్నాను. అంతా విని, "గది మనిషని నాకు తట్టలే సార్. పీసు అనుకున్న" అన్నాడు. నేను కూడా పొద్దున ఫోన్‌లో ఆసుపత్రి వాళ్ళతో "పీస్ రెడీ అవుతోందండీ" అనే అన్నాను. 

దండ తీసేశాం. స్పిరిట్ పెట్టి తుడిస్తే కుంకుమ పోయింది గానీ పసుపు పోలేదు, పొరల్లోకి ఇంకిపోయింది. ఎంత రుద్దితే అంత పచ్చబడింది. గుడ్డలో చుట్టి బీరువా మీద పెట్టాం. ఆ తరవాత అన్న ఆ బీరువా ముందు నుంచి నడవడం మానేశాడు. టీ కోసం వెళ్ళాలన్నా టేబుళ్ళ చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. నవ్వుదామనుకున్నాను, కానీ నేనూ అలాగే తిరిగి వెళ్తున్నానని గమనించుకున్నాను.

తరవాత అమ్మాయి ఫోన్ చేసింది. ఆపరేషన్ తేదీ ఖాయమైందట. వాళ్ళమ్మ మాత్రం వద్దని కూర్చుందట. "అమ్మ సంగతి సరేనండీ. నాకే ఎలాగో ఉంది. అద్దం ముందు నిలబడితే పసుపు వాసన వస్తోంది. మా ఆయన రావట్లేదంటాడు. నేను జావా చెప్పే మనిషినండీ, ఇలాంటివి నమ్మేదాన్ని కాదు. కానీ అమ్మ సరేనంటే తప్ప ఆ ఆపరేషన్ బల్ల ఎక్కలేను" అంది.  పలక సిద్ధంగా ఉంది, డాక్టరు సిద్ధంగా ఉన్నాడు. అడ్డం ఉన్నది ఒక బంతిపూల దండ. ఇంకా వాయిదా పడితే ఆ మూర్ఛ ఎప్పుడు, ఎక్కడ వస్తుందో ఎవరూ చెప్పలేరు.

పాత మిషన్ మీద రెండో పుర్రె తీశాం. అదే ఫైలు, అదే పన్ను మీద పన్ను. పలక పెట్టి చూస్తే చక్కగా కూర్చుంది. దాన్ని పెట్టెలో పెట్టుకుని ఎస్.ఆర్. నగర్ వెళ్ళాను. అమ్మాయి లోపల పడుకుని ఉంది. వాళ్ళమ్మ వరండాలో కుర్చీ చూపించారు.

"కొత్తది చేశాం పిన్నిగారూ. దీనికి బొట్టు లేదు, పువ్వు లేదు. ఆపరేషన్‌కి ఇదే వెళ్తుంది."

"మరి ఆ పాతది?"

"షాపులో ఉంది."

"అది ఉండగా నా కూతురు బల్లెక్కదు."

"పోనీ పగలగొట్టేస్తాను."

ఆవిడ నావైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. "నా కూతురి తల మీద సుత్తి వేస్తావా నాయనా?"

నేను గతుక్కుమన్నాను. మున్సిపాలిటీ చెత్తబండిలో వేస్తానని నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఇంట్లో ఉంచుకోమని అనలేను. నీళ్ళలో కలపమనీ అనలేను, అస్థికలే కదా నీళ్ళలో కలిపేది. ఆలోచించినకొద్దీ నాకు ఒళ్ళు మండుకొచ్చింది. అది ప్లాస్టిక్ అండీ, వట్టి ప్లాస్టిక్ అని కాస్త గట్టిగానే అన్నాను. ఆవిడ వినిపించుకోలేదు. వరండా గ్రిల్ పట్టుకుని రోడ్డు వైపు తిరిగారు.

"మనిషి దొరకనప్పుడు దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపిస్తారు, తెలుసుగా" అన్నారు. "దానికి దండ పడింది. దండ పడ్డాక జరగాల్సింది జరగాలి. లేకపోతే ఆ మిగిలిన కర్మ ఎవరినో ఒకరిని వెతుక్కుంటుంది. అమ్మాయిని ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్ళినప్పుడు నేను ఫోన్ చేస్తాను. ఆ పాతది పట్టుకుని పంజాగుట్ట శ్మశానం దగ్గరికి రా. దీనికి చెప్పకు, అల్లుడికీ చెప్పకు."

"ఆడవాళ్ళు అక్కడికి రాకూడదంటారు కదండీ."

"నువ్వు తీసుకురా, నాయనా."

లోపలికెళ్ళి కూతురితో ఏదో చెప్పారు. "సరే అందండీ అమ్మ!" అని ఆ పిల్ల లోపలినుంచే కేకేసింది. ఆ సంతోషం విన్నాక ఇక నేను కాదనడానికి ఏముంది?

ఆపరేషన్ రోజు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. పుర్రెను బట్టల షాపు సంచీలో పెట్టుకుని ఆటో ఎక్కాను. అన్న వస్తానన్నాడు, వద్దన్నాను. పంజాగుట్ట రోడ్డు ఎప్పటిలాగే హారన్లతో మోగిపోతోంది. గేటు దాటి లోపలికెళ్తే ఆ మోత ఎవరో తలుపు వేసినట్టు తగ్గిపోయింది. చెట్టు కింద ఆవిడ ఒక్కరే నిలబడి ఉన్నారు. చేతిలో కాగితం పొట్లంలో బియ్యం.

అక్కడి కాటికాపరి ముసలాయన. సంచీలోంచి తీసిన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "గడ్డిబొమ్మలకైతే చేసినం. గిసొంటిది ఎన్నడు సూడలే. ప్లాస్టిక్కు సార్ ఇది, కాలిస్తే వాసనొస్తది. గా మూలకు పూడుద్దాం" అన్నాడు. ఎందుకని అడగలేదు. అడుగుతాడేమో, ఏం చెప్పాలా అని దారంతా ఆలోచించుకుంటూ వచ్చిన నేనే తెల్లబోయాను.

గోడ వారగా చిన్న గుంట తవ్వాడు. పుర్రెను దాని ఒడ్డున పెట్టాం. ఎండలో ఆ పసుపు మరీ పచ్చగా కనిపించింది. ఆవిడ పళ్ళ దగ్గర బియ్యం పోశారు. కింది దవడ లేదు కదా, గింజలు నిలవలేదు, జారి మట్టిలో పడ్డాయి.

"ఇగ దించే ముందుగాల పేరు పిలవాలె" అన్నాడు కాటికాపరి. "చెవుల మూడుసార్లు. పలికితే పానమున్నట్టు. పలకకుంటే మట్టి ఏసుడే. అమ్మ పిలవొద్దు, మీరు పిలువుండ్రి సార్."

దింపుడు కళ్ళం దగ్గర పిలిచే పిలుపు నాకు తెలుసు. మా నాన్నగారికి పిలిచినవాణ్ణి.  ఇక్కడికి రెండు రోడ్ల అవతల ఆ పిల్ల తల తెరిచి పెట్టుకుని పడుకుని ఉంది. ఆమె పేరు ఇక్కడ ఈ గుంట దగ్గర నా నోటితో ఎలా పిలుస్తాను? ఏదైనా దొంగ పేరు చెబుదామని ఆవిడ వైపు తిరిగాను.

"ఎవరి పేరు మీద సార్?" అన్నాడు ముసలాయన.

ఆవిడ చెప్పారు. ఇంటి పేరు, గోత్రం, ఆ తరవాత పేరు. కూతురి పేరు కాదు. అది ఎవరి పేరో అర్థం కావడానికి నాకు ఒక క్షణం పట్టింది. ఆసుపత్రి కాగితాల మీద చూశాను, కూతురి పేరు కింద, తల్లి అని ఉన్న చోట.

"పిన్నిగారూ, వద్దు" అన్నాను.

"పిలువు నాయనా. అక్కడ టైమవుతోంది."

మోకాళ్ళ మీద కూర్చున్నాను. మా మిషన్ ఎంత నిక్కచ్చిగా చేసిందో, చెవి దగ్గర ఎముకలో ఉండే ఆ సన్నటి రంధ్రం కూడా ఉంది. అక్కడ నోరు పెట్టి ఆవిడ పేరు పిలిచాను. నా వెనక అడుగు దూరంలో ఆ పేరు గల మనిషి నిలబడి ఊపిరి పీలుస్తోంది. రెండోసారి పిలిచాను. ఆవిడ పలికితే బాగుండునని, ఆఁ అంటే చాలునని, నా ప్రాణమంతా అటే ఉంది. అలవాటుగానైనా పలుకుతారేమో అనుకున్నాను. మూడోసారి పిలిచి వెనక్కి తిరిగి చూశాను. ఆవిడ పైట చెంగు రెండు చేతులతో నోటికి అదిమి పట్టుకుని ఉన్నారు. కళ్ళు మాత్రం నన్నే చూస్తున్నాయి.

కాటికాపరి గుంటలోకి దించి మట్టి లాగేశాడు. చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు. మేమిద్దరం అక్కడే నిలబడ్డాం. నాకు భయంగా ఉంది, సిగ్గు లేకుండా చెబుతున్నాను. ఆవిడ వైపు చూడాలంటే భయం.

పొద్దు వాలేవేళకు నా ఫోన్ మోగింది. వాళ్ళ అల్లుడు.

"అయిపోయిందండీ! పలక బాగా కూర్చుందట. ఇప్పుడే కళ్ళు తెరిచింది" అన్నాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. "లేస్తూనే అమ్మ ఏది, అమ్మ ఏది అంటోంది. అత్తయ్యగారు ఎక్కడా కనబడట్లేదు, ఫోన్ ఎత్తట్లేదు. మీకేమైనా చెప్పారా?"

ఫోన్ చేత్తో మూసి ఆవిడకు చెప్పాను. కళ్ళు తెరిచిందట, మిమ్మల్నే అడుగుతోందట, ఏం చెప్పమంటారని అడిగాను. ఆవిడ నోటి మీదినుంచి చెంగు తీశారు.

"స్నానం చేసి వస్తున్నానని చెప్పు నాయనా" అన్నారు.